ఇంటి కిరాయి శాసనము – చిన్న యజమానుల గతి

కరీంనగరములో టవరు సర్కిలునకు చేరువనున్న పాత వీథులలో నడచువారికి ఒక దృశ్యము కంటబడక మానదు. ఒక ప్రక్కన నాలుగంతస్తుల నూతన భవనము. క్రింద దుకాణములు, మీద వైద్యశాలయో విద్యార్థుల వసతిగృహమో. దాని గోడ నానుకొని వంగిన దూలములతో ఒక పెంకుటిల్లు. ఆ పెంకుటింటి ముందరి గదిలో ముప్పది యేండ్లుగా ఒక దర్జీయో, గడియారములు బాగుచేయువాడో కిరాయికుండును. వెనుక గదులలో ఇంటివారుందురు. ఈ రెండు కట్టడములలో ప్రభుత్వపు కిరాయి శాసనము దేనిని కట్టివేయుచున్నదని బాటసారి నడిగినచో, పెద్ద భవనమునే యని తడుముకొనక చెప్పును. న్యాయము నాలోచించినచో అట్లే యుండవలెను. వాస్తవము దీనికి సరిగా విపరీతమైనది.

యజమాని యను మాట చెవినబడినంతనే మన పాఠకులలో పలువురికి దొరలు, దేశముఖులు జ్ఞప్తికి వత్తురు. తెలంగాణములో పుట్టినవారికది సహజమే. మేమిచ్చట చెప్పబూనినది గడీలవారిని గూర్చి కాదు. ఉద్యోగము విరమించినప్పుడు చేతికందిన డబ్బుతో మేడమీద రెండు గదులు వేసికొనిన బడిపంతులు, చనిపోయిన భర్త మిగిల్చిన యింటిలో ముందరి గదిని కిరాయికిచ్చి వెనుక గదిలో కాలము గడపు విధవరాలు, గల్ఫు దేశముల యెండలో పదియేండ్లు శ్రమించి జగిత్యాలలో ఒక దుకాణము కట్టుకొనిన కార్మికుడు: వీరిని గూర్చియే మా మాట. వీరికి ఆ కిరాయియే పంట, ఆ కిరాయియే జీతము. ఒక నెల అది రాకున్నచో మందులు తగ్గును, బ్యాంకు వాయిదా తప్పును.

కిరాయి నియంత్రణము యుద్ధకాలపు సంతానము. 1915లో గ్లాస్గో పట్టణమున కర్మాగారములు పెరిగి ఇండ్లు కరవై, యజమానులు కిరాయిలు పెంచగా, అచ్చటి స్త్రీలు చెల్లింపము పొమ్మని యెదిరించిరి. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు కిరాయిలకు కట్టడి విధించెను. 1918లో బొంబాయిలో అట్టి చట్టము వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆ పద్ధతి మన పట్టణములకును ప్రాకినది. యుద్ధము ముగిసెను గాని ఇండ్ల కరవు ముగియలేదు. కావున కట్టడియు నిలిచెను. 1949లో మద్రాసు రాష్ట్రమును, 1954లో హైదరాబాదు రాష్ట్రమును వేర్వేరు శాసనములు చేసికొన్నవి. రెండు ప్రాంతములు ఒక్కటియైన పిమ్మట వాని స్థానమున 1960లో ఆంధ్రప్రదేశ్ భవనముల కిరాయి నియంత్రణ చట్టము, ఆ సంవత్సరపు పదునైదవ చట్టము, వెలసినది. జంటనగరములకును, రాష్ట్రమందలి మునిసిపాలిటీలన్నిటికిని అది వర్తించెను. 2014లో రాష్ట్రము వేరుపడినను ఆ చట్టమే తెలంగాణమునకు వారసత్వముగా వచ్చినది.

ఆ చట్టములోని మంచిని మరుగుపరచుట మా యభిమతము కాదు. కారణము చూపక కిరాయిదారును వెడలగొట్టరాదు. పుచ్చుకొన్న కిరాయికి రసీదు ఈయవలెను. ఒక మాసపు కిరాయికి మించి అడ్వాన్సు అడుగరాదు, పగడీ పుచ్చుకొనరాదు. కోపము వచ్చినదని నీళ్లు, దీపము ఆపరాదు. యజమాని కిరాయి తీసికొననని మొండికేసినచో కిరాయిదారు దానిని జమకట్టుకొనుటకు దారి కలదు. నిలువ నీడలేనివాడు పట్టణమునకు వచ్చి బ్రదుకవలెనన్న ఇట్టి రక్షణలు లేక తీరదు. వీనిలో ఒక్కటియు తొలగింపవలెనని మేము కోరము.

ఇక న్యాయమైన కిరాయి యెంతయను ప్రశ్నకు ఆ చట్టమేర్పరచిన కొలత చూడుడు. 1944 ఏప్రిల్ 5వ తేదీకి ముందటి పండ్రెండు మాసములలో ఆ పేటలో, అట్టి ఇండ్లకు, ఎంత కిరాయి నడచుచుండెనో దానిని కంట్రోలరు గమనింపవలెనట! ఆ తేదీ ఫసలీ 1353లోనిది. అప్పుడు కరీంనగరములో కిరాయి హాలీ సిక్కాలతో చెల్లుచుండెను. నిజాము రాజ్యము పోయినది, హాలీ సిక్కా పోయినది. సిక్కాతో పోవలసిన తేదీ మాత్రము చట్టపుస్తకములో స్థిరనివాస మేర్పరచుకొన్నది. దానిపై ఇంత శాతము హెచ్చింపవచ్చునని చట్టములోనే లెక్కలు కలవు గాని, పునాది అదియే. ఇట్టి కొలతలు కాలము గడచినకొలది అన్యాయమగునని సుప్రీముకోర్టు వారు మహారాష్ట్రకు సంబంధించిన వ్యాజ్యమున 1997లో తేల్చిచెప్పిరి. అచ్చటను 1940 నాటి కిరాయిలే ప్రమాణముగా నుండెను.

అయితే చిన్న యజమానిని ఎక్కువగా బాధించునది ఈ కొలత కాదు, మినహాయింపుల కథ. నూతన గృహనిర్మాణమును ప్రోత్సహింపవలెనను తలంపుతో, 1957 ఆగస్టు 26వ తేదీ తరువాత కట్టిన భవనములకు చట్టము వర్తింపదని మొదట వ్రాసిరి. ఇరువదియారేండ్లు గడచినను ఆ మినహాయింపు తొలగలేదు. ఒకప్పుడు నూతనములైన ఇండ్లు పాతబడెను. ఐనను చట్టము దృష్టిలో అవి నూతనములే. ఈ భేదము నిర్హేతుకమని 1983 అక్టోబరులో సుప్రీముకోర్టు ఆ నిబంధనను కొట్టివేసెను. రెండు మాసములు దాటినంతనే, డిసెంబరు నెలాఖరున, ప్రభుత్వము వేరొక ఉత్తరువు వెలువరించెను: కట్టిన పదియేండ్లవరకును, నెల కిరాయి వేయి రూపాయలు మించిన యెడలను మినహాయింపు. మరల 2005లో చట్టమునే సవరించి, కట్టిన పదునైదేండ్లవరకు అనియు, ఆ సవరణ అమలునకు వచ్చిన నాటికి నెల కిరాయి కార్పొరేషనులలో 3,500 రూపాయలు, ఇతర పట్టణములలో 2,000 రూపాయలు మించినచో అనియు మినహాయింపును స్థిరపరచిరి.

ఈ అంకెలను ఒక్కసారి మన జిల్లాలకు అన్వయించి చూడుడు. కరీంనగరము 2005లో కార్పొరేషనైనది. ఆదిలాబాదు నాడు మునిసిపాలిటీ. ఆ యేడు నెలకు 2,500 రూపాయల కిరాయి వచ్చు దుకాణము ముకరంపురలో నున్నచో అది చట్టమునకు లోబడినది. భుక్తాపురములో నున్నచో లోబడనిది. అదే కిరాయి, అదే సంవత్సరము. గోదావరికి ఈవల చట్టము కలదు, ఆవల లేదు. 2008లో కట్టి ఇప్పటికి పదునైదేండ్లు దాటిన ఇంటికి 2005 నాటి కిరాయి యెక్కడినుండి తేవలెను? వకీళ్లకు ఇది రుచికరమైన చర్చ కావచ్చును. రెండు గదుల యజమానికి మాత్రము తానే శాసనము క్రింద నున్నాడో తెలియుటకే మొదట రుసుము చెల్లించుకొనవలసివచ్చును.

ఈ జల్లెడ పట్టగా మిగిలినవారెవరు? 2005 నాటికి కిరాయి హెచ్చుగానున్న పెద్ద భవనములు బయటపడినవి. క్రొత్తగా కట్టగల శక్తిగలవారు పదునైదేండ్లు బయటపడిరి. పడగొట్టి మరల కట్టినచో మరల పదునైదేండ్లు. పాత యిల్లు, తక్కువ కిరాయి, మరమ్మతునకైన డబ్బులేని యజమాని: ఇవి కలిసినచోటనే చట్టము గట్టిగా నిలిచినది. పెద్ద చేపలను పట్టుటకు అల్లిన వల పెద్ద చేపలను విడిచి పరకలను పట్టుచున్నది.

ఉదాహరణకు ఒక కుటుంబము నూహింపుడు. 1970 ప్రాంతమున కట్టిన యిల్లు. ముందరి గది 2005లో తొమ్మిదివందలకు కిరాయికీయబడినది. నేడు దానికి రెండువేల యైదువందలు వచ్చుచున్నవి. ఎదుటి వరుసలో అట్టి గదికి ఎనిమిదివేలు పలుకుచున్నది. ఇంటి యిల్లాలికి ఇప్పుడు ఆ గది కావలసినది. కుమారుడు చదువు ముగించి చిన్న మందుల దుకాణము పెట్టుకొనదలచినాడు. కిరాయిదారు పోవుటకు ఇష్టపడడు. అతని ఖాతాదారులందరు ఆ వీథివారే, అతని తప్పేమున్నది? అప్పుడామె రెంటు కంట్రోలరు నెదుట దరఖాస్తు పెట్టవలెను. తన యవసరము నిజమైనదని సాక్ష్యముతో నిరూపింపవలెను. ఆ పట్టణములో తమకు వేరొక అట్టి స్థలము లేదని చూపవలెను. గెలిచినచో ఎదుటివారికి అప్పీలు కలదు. ఆపై హైకోర్టునకు రివిజను కలదు. అంతలో కుమారుడు ఏ హైదరాబాదునకో పోయి ఇంకొకరి దుకాణములో జీతమునకు కుదురును. ఆమె గెలుపు కాగితము చేతికివచ్చునప్పటికి దానితో పనియుండదు. ఇందులో దుర్మార్గు డొక్కడును లేడు. ఇద్దరును పేదలే, ఇద్దరిని కోర్టు వరండాలో నిలువబెట్టినది శాసనము.

చట్టమునకు వెలుపలనున్న చిన్నవారు సుఖముగా నున్నారా యన్నచో అదియు లేదు. వారికి 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే గతి. పదునైదు దినముల నోటీసు, ఆపై సివిలు కోర్టులో దావా. అందువలననే మన పట్టణములలో పదునొకండు నెలల కిరాయినామా యను ఆచారము స్థిరపడినది. సంవత్సరము మించినచోనే రిజిస్ట్రీ తప్పనిసరి యను తలంపుతో ఒక నెల కోసి వ్రాసికొందురు. మంకమ్మతోటలో శిక్షణాలయములకు వచ్చు విద్యార్థులు, వైద్యశాలలలో పనిచేయు నర్సులు ఇట్టి కాగితములమీదనే కాపురముందురు. పదునొకండు నెలలకొకసారి వారు యజమాని ముఖము చూచి బ్రదుకవలెను; యజమానియు దావాకు భయపడి, ఒక్క సంసారిని ఎక్కువకాలము నిలువనీయక మార్చుచుండును. 2011 జనాభా లెక్కలలో దేశపు పట్టణములందు కోటి పదిలక్షలకు పైబడి ఇండ్లు ఖాళీగా నున్నట్లు తేలినది. ఒకవైపు ఇల్లులేనివారు, వేరొకవైపు తాళము వేసిన ఇండ్లు! కిరాయికిచ్చినచో తిరిగి చేతికిరాదను భయము ఈ తాళములకు ఒక ముఖ్యకారణము.

దుకాణముల సంగతిలో 2024 అక్టోబరు 10వ తేదీనుండి మరియొక చిక్కు చేరినది. యజమాని వస్తుసేవల పన్నునకు నమోదు కానివాడై, కిరాయిదారు నమోదైన వర్తకుడైనచో, కిరాయిపై పదునెనిమిది శాతము పన్ను కిరాయిదారే కట్టవలెనను నియమము వచ్చినది. పెద్ద వర్తకుడు దానిని తన లెక్కలలో సరిపుచ్చుకొనును. మిగిలినవారు ఆ భారమును యజమానితో పంచుకొనుమని బేరము పెట్టుదురు. చిన్న వ్యాపారులకు పిదప కొంత సడలింపు ఈయబడినది గనుక దీనిపై ఎక్కువ చెప్పము.

ఉత్తర జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కులు వేరే కలవు. హైదరాబాదులో కూర్చుండి శాసనములు వ్రాయువారికవి తోపవు. మందమర్రి, బెల్లంపల్లి, గోదావరిఖని మొదలగు బొగ్గు పట్టణములలో సింగరేణి సంస్థవారి ఆధీనమందలి స్థలములలో కార్మికులును, చిల్లర వర్తకులును తరతరములుగా ఇండ్లు వేసికొనిరి. ఇల్లు తమది, నేల తమది కాదు. ఇట్టి స్థలములు ప్రభుత్వమునకు తిరిగి అప్పగింపబడినచోట్ల పట్టాలిచ్చుటకు ఉత్తరువులు వచ్చినవి గాని, పట్టా అందని యజమాని కిరాయిదారుపై కోర్టునకెక్కునప్పుడు ఎదుటి వకీలు మొదటి ప్రశ్న ఏమడుగునో ఊహించుట కష్టము కాదు. కిరాయి వచ్చిన దినములు మంచివి. రాని నాడు దైవమే దిక్కు. కాగజ్‌నగరములో సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి 2018లో తిరిగి తెరవబడినది. మిల్లు జీతముమీద నడచు పట్టణములో మిల్లు ఆగినప్పుడు కిరాయిదారు చెల్లింపలేడు, క్రొత్తవాడు రాడు. అట్టి కాలమున యజమానికి పన్నులో గాని వాయిదాలో గాని వెసులుబాటు చూపు నియమము ఏ కిరాయి శాసనములోను కానరాదు.

ఉట్నూరు మొదలైన ఏజెన్సీ గ్రామముల సంగతి ఇంకొక తీరుగ నున్నది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణమునకు వర్తించి, 1970లో కఠినతరము చేయబడినది. దానిలో బదలాయింపు అనగా అమ్మకమే కాదు, కౌలు కూడ. గోండు గృహస్థు రోడ్డు ప్రక్క రెండు గదులు కట్టి గిరిజనేతర వర్తకునికి కిరాయికిచ్చినచో ఆ యొడంబడిక చట్టము ముందు నిలువదు. ఆ నిబంధన లేకున్న యెడల ఏజెన్సీలో గిరిజనునికి గజము నేలయైన మిగిలియుండదు. దానిని సడలింపుమనువారితో మేము చేరము. కాని తన గదికి న్యాయమైన కిరాయి పొందు మార్గము, సొసైటీల ద్వారమునో ఐటీడీఏ ద్వారమునో, గిరిజన యజమానికి చూపవలసిన బాధ్యత ప్రభుత్వముపై నున్నది.

ఇంతవరకు ప్రభుత్వమును శాసనకర్తగా చూచితిమి. కిరాయిదారుగా దాని నడవడి యెట్టిదో కొంచెము విచారింతము. 2016 అక్టోబరు 11న పాత కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు విభజింపబడి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, నిర్మల, మంచిర్యాల, ఆసిఫాబాదులు జిల్లా కేంద్రములైనవి. ఒక్క రాత్రిలో వందలకొలది కార్యాలయములకు గూడు కావలసివచ్చెను. గురుకుల పాఠశాలలు, అంగన్‌వాడీ కేంద్రములు పెక్కు ప్రయివేటు ఇండ్లలోనే నడచుచు వచ్చినవి. సర్కారు కిరాయిదారైనచో భయములేదని తలచి ఇండ్లిచ్చినవారి యనుభవము వేరు. 2024 అక్టోబరు 15న, దసరా సెలవులు ముగిసి పిల్లలు పెట్టెలతో తిరిగివచ్చు వేళకు, రాష్ట్రములో పలుచోట్ల గురుకులముల ద్వారములకు యజమానులు తాళములు వేసిరి. నెలల తరబడి కిరాయి రాలేదని వారి మొర. పిల్లలను వాకిట నిలువబెట్టుట తప్పే; దానిని మేము సమర్థింపము. ఆ యజమానులందరు చిన్నవారనియు చెప్పము. కాని తాళము వేసినవారిపై కేసులు పెట్టుదుమని హెచ్చరించిన ప్రభుత్వము, అదే తొందరను బిల్లులు చెల్లించుటలో ముందే చూపియున్నచో ఆ తాళములు ఏల పడును?

ఇందలి విశేషము పాఠకులు గమనింతురు గాక. 1960 చట్టము ప్రభుత్వపు భవనములకు వర్తింపదు. అనగా సర్కారు యజమానియైనప్పుడు దానికి మినహాయింపు. సర్కారు కిరాయిదారైనప్పుడు, ఆ కిరాయి పరిమితిని మించియున్నచో, యజమానికి సివిలు దావా తప్ప వేరు దారి లేదు. దర్జీ రెండు నెలలు కిరాయి బాకీపడినచో ఎగవేతదారు. ప్రభుత్వశాఖ పది నెలలు బాకీపడినచో బడ్జెటు విడుదల కాలేదందురు.

2021 జూను 2న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన ఆదర్శ కిరాయి చట్టమును గూర్చి మన పట్టణములలో చర్చ కొంత నడచినది. అది రాష్ట్రములకు నమూనా మాత్రమే. రాష్ట్ర శాసనసభ ఆమోదించినగాని అమలుకాదు. వ్రాతపూర్వకమైన ఒప్పందము, అడ్వాన్సు నివాసమునకు రెండు నెలలు, దుకాణమునకు ఆరు నెలలు మించరాదు, డిప్యూటీ కలెక్టరు హోదాగల కిరాయి అధికారి, అదనపు కలెక్టరు స్థాయిలో కిరాయి న్యాయస్థానము, జిల్లా న్యాయమూర్తి ట్రిబ్యునలు, తగవులకు అరువది దినముల గడువు. గడువు తీరినను ఇల్లు విడువనివాడు మొదటి రెండు నెలలు రెండింతలు, ఆపై నాలుగింతలు కిరాయి చెల్లించవలెను. తమిళనాడు ఇంతకుమున్నే ఇట్టి మార్గము త్రొక్కి, 1960 నాటి తన పాత చట్టమును తీసివేసి, 2019 ఫిబ్రవరినుండి నూతన శాసనమును నడపినది.

అరువది దినముల గడువు చిన్న యజమానికిని, చిన్న కిరాయిదారుకును వరమే. అది కాగితముమీద నిలువక కచ్చేరీలో నడచునా యను సందేహము మాత్రము మమ్ము వీడదు. మన జిల్లాలలో డిప్యూటీ కలెక్టరునకు భూముల తగవులు, ఎన్నికలు, వరదలు, మంత్రుల రాకపోకలు అన్నియు నెత్తిమీదనే యున్నవి. వానిపై మునిసిపాలిటీ యంతటి కిరాయినామాలు కూడ మోపినచో అరువది దినములు ఆరువందలగుట యాశ్చర్యము కాదు. మరియు ఒప్పందము చేసికొనిన రెండు నెలలలో అధికారికి తెలుపవలెనను నియమము చదువు రాని వృద్ధురాలికి ఎట్లు సాధ్యము? మీసేవ కేంద్రములో పదో ఇరువదో రూపాయలకు ఆ పని జరుగునట్లు, తెలుగులో ఒక్క పుట మించని నమూనా కాగితముతో, ఏర్పాటు చేయవలెను. అన్నిటికిని మించిన లోపము వేరొకటి కలదు. ఈ నమూనాయును ప్రభుత్వపు భవనములను మినహాయించినది. పాత ఒప్పందములను ముట్టలేదు. అనగా మేము పైన నూహించిన పెంకుటింటి యిల్లాలు ఎక్కడనున్నదో అక్కడనే యుండును.

కావున శాసనసభవారు నూతన చట్టము చేయదలచినచో పాత కిరాయిలకు తీరము చూపవలెను. ఒక్కసారిగా రెండువేల యైదువందలను ఎనిమిదివేలు చేసినచో దర్జీ వీథినబడును. ఐదారు సంవత్సరములలో మెట్టుమెట్టుగా పేటలోని కిరాయికి చేర్చినచో ఇద్దరును నిలుతురు. రెండుమూడు గదులకు మించి కిరాయికీయని యజమాని, తన కుటుంబమునకే ఆ గది కావలెనన్నప్పుడు, ఒక్క విచారణతో, ఒక్క అప్పీలుతో తీర్పు రావలెను. వెడలు కిరాయిదారుకు వేరు చోటు వెదకికొనుటకు ఆరు నెలల గడువును, చేతికి కొంత సొమ్మును ఆ తీర్పులోనే ఏర్పరుపవచ్చును. నియంత్రణమునకు కొలత ఇంటి వయస్సు కారాదు, 2005 నాటి కిరాయి కారాదు. యజమానికెన్ని ఇండ్లున్నవను లెక్క కావలెను. ఇరువది ఇండ్లవానికిని ఒక్క గదివానికిని ఒకే నియమమేమి?

ప్రభుత్వశాఖలు కిరాయిదారులైనచోట, మూడు నెలలు బాకీపడినచో వడ్డీతో చెల్లించవలెననియు, ఆ వడ్డీ సంబంధించిన శాఖ ఖాతానుండియే పోవలెననియు చట్టములో ఒక్క వాక్యము చేర్చినచో చాలును. ఆ వాక్యమునకు ఆర్థికశాఖవారు ఎంతవరకు సమ్మతింతురో చూడవలసియున్నది.